యుద్ధంపై వేసిన ఓటే అభ్యర్థికి గీటురాయి

అమెరికా ఎన్నికలపై రాసిన పండితులు ఓటరును చులకన చేయడం ఇవాళ్టి సంగతి కాదు. విదేశీ వ్యవహారాల్లో సామాన్యుడికి నిలకడైన అభిప్రాయం ఉండదని గాబ్రియెల్ ఆల్మండ్ 1950లోనే తేల్చేశాడు. 2009లో 'ఇన్ టైమ్ ఆఫ్ వార్' రాసిన ఆడమ్ బెరిన్‌స్కీ అదే చులకనను గణాంకాలతో బలపరిచాడు. జనం యుద్ధంలోని లాభనష్టాలు బేరీజు వేయరనీ, తాము నమ్మిన పార్టీ నాయకులు ఎటు మొగ్గితే అటే మొగ్గుతారనీ ఆయన వాదం. రెండో ప్రపంచ యుద్ధకాలపు సర్వేలను వెలికితీసిన ఆయన శ్రమ మెచ్చదగినదే. కానీ ఒకే పార్టీ నాయకులు రెండుగా చీలితే ఓటరు ఎవరి వెంట నడవాలి? అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే 2008 డెమొక్రాటిక్ ప్రైమరీ ముందు ఈ సిద్ధాంతం నిలవదు.

ఆ చీలిక 2002 నాటిది. ఆ ఏడాది అక్టోబర్ 10న ప్రతినిధుల సభ 296–133తో, మర్నాడు తెల్లవారకముందే సెనేట్ 77–23తో ఇరాక్‌పై బలప్రయోగానికి అధ్యక్షుడు బుష్‌కు అధికారమిచ్చాయి. సెనేట్‌లోని 50 మంది డెమొక్రాట్లలో 29 మంది సరేనన్నారు, 21 మంది కాదన్నారు. హిల్లరీ క్లింటన్, జాన్ ఎడ్వర్డ్స్ సరేనన్నారు. ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షుడు బాబ్ గ్రాహం కాదన్నారు. ఇరాక్ ఆయుధాలపై నిఘా సంస్థలు తయారుచేసిన రహస్య అంచనా పత్రం సెనేటర్లందరికీ అందుబాటులోనే ఉంది. గ్రాహం దాన్ని చదివారు. క్లింటన్ చదవలేదు, అధికారులు వివరించింది విని ఓటేశారు. యుద్ధంపై వైఖరిని గీటురాయి అనడం ఇందుకే. శాంతి మీద ఎంత ప్రేమ ఉందన్నది కాదు ప్రశ్న. దేశమంతా ఆవేశంలో ఉన్నప్పుడు ఆధారాలు అడిగే దమ్ము ఎవరికుందో ఆ ఒక్క ఓటు చెబుతుంది.

అదే అక్టోబర్ 2న షికాగో సభలో ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ బరాక్ ఒబామా మాట్లాడారు. తాను అన్ని యుద్ధాలకూ వ్యతిరేకి కానంటూనే ఈ యుద్ధాన్ని ఖండించారు. ఎడ్వర్డ్స్ 2005లో తన ఓటు తప్పని ఒప్పుకున్నారు. క్లింటన్ 2008 ప్రచారంలోనూ ఒప్పుకోలేదు. 2008 జనవరి 3న అయోవాలో జరిగిన పార్టీ అభ్యర్థిత్వ పోటీలో ఒబామా మొదట, ఎడ్వర్డ్స్ రెండో స్థానంలో, క్లింటన్ మూడో స్థానంలో నిలిచారు. ముగ్గురిదీ ఒకే పార్టీ, మిగతా విధానాల్లో తేడాలు స్వల్పం. వారిని విడదీసింది ఇరాకే. 2004లో అదే పార్టీ యుద్ధానికి ఓటేసిన జాన్ కెర్రీని అధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న మాట నిజమే గానీ, అప్పటికి యుద్ధం మొదలై ఏడాది కూడా నిండలేదు.

అమెరికా ఓటరుకున్న ఈ గీటురాయి మన ఓటరుకు లేదు. మన దేశంలో యుద్ధ నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. దానిపై పార్లమెంటు సభ్యులు ఓటు వేయాలన్న నిబంధన రాజ్యాంగంలో లేదు. అందుకే 1999లో కార్గిల్ యుద్ధం తర్వాత జరిగిన ఎన్నికల్లో మన ఓటరు విజయాన్ని చూశాడు తప్ప అభ్యర్థి వివేకాన్ని చూసే వీలు లేకపోయింది. లోపం ఓటరుది కాదు, ఆధారం దొరకనివ్వని వ్యవస్థది. ఏ ప్రజాస్వామ్యంలోనైనా యుద్ధంపై ప్రతి సభ్యుడి ఓటూ పేరుతో సహా నమోదు కావాలి. ఆ పట్టిక చేతికిస్తే, ఎవరిని గద్దెనెక్కించాలో ఓటరుకు ఏ పండితుడూ చెప్పనక్కరలేదు.