కటకాల లెక్కను పుస్తకాల్లోకి తెచ్చినవాళ్ళు

1859లో వియన్నాలో ఒక గణిత ఆచార్యుడి ఇంట్లో దొంగలు పడ్డారు. ఆయన ఏళ్ళ తరబడి రాసిపెట్టుకున్న రాతప్రతులు ఆ దెబ్బతో నాశనమయ్యాయి. అవి అచ్చయి ఉంటే కెమెరా కటకాన్ని కాగితం మీద లెక్కగట్టి తయారుచేసే విద్యకు బహుశా అవే తొలి పాఠ్యగ్రంథం అయ్యేవి. ఆ ఆచార్యుడి పేరు యోజెఫ్ పెట్స్‌వాల్. మళ్ళీ మొదటినుంచి రాసే ఓపిక ఆయనకు లేకపోయింది. మంచి పుస్తకం కోసం ఆ వృత్తి ఇంకా చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ నష్టం ఎంతటిదో తెలియాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1839లో దగేర్ ఫొటో తీసే పద్ధతిని పారిస్‌లో ప్రకటించాడు. పద్ధతి బాగానే ఉంది, కెమెరాకు అమర్చిన కటకమే చాలినంత వెలుతురును లోపలికి రానివ్వలేదు. భవనాల బొమ్మలు తీయడానికి అది సరిపోయేది. మనిషి ముఖం తీయాలంటే మాత్రం ఆ మనిషి ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఈ చిక్కు పెట్స్‌వాల్ చేతికి వచ్చింది. అప్పటిదాకా కటకాలు చేసేవాళ్ళు గాజును అరగదీసి, చూసి, మళ్ళీ అరగదీసేవాళ్ళు. పెట్స్‌వాల్ గాజును ముట్టుకోకుండా ముందు లెక్కకు కూర్చున్నాడు. లెక్క పెద్దది కావడంతో ఆస్ట్రియా రాజకుటుంబానికి చెందిన ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ తన ఫిరంగిదళం నుంచి గణితం తెలిసిన సిపాయిలను సాయానికి పంపించాడు. గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టే చేతులు వెలుతురు కిరణం ఎక్కడ పడుతుందో లెక్కగట్టాయి.

1840లో తయారైన ఆ కటకంలో నాలుగు గాజులు, రెండు జట్లు. ద్వారం ఎఫ్/3.6. అప్పటికి వాడుకలో ఉన్న కటకాలకు పదింతలకు పైగా వెలుతురును అది లోపలికి తీసుకుంది. ముఖచిత్రాలు తీయడం ఒక్కసారిగా వ్యాపారమైంది. వాటిని తయారుచేసి అమ్మిన ఫోయిక్ట్‌లెండర్ కంపెనీకి లాభాలు వచ్చాయి. పెట్స్‌వాల్‌కు ఒక్క మొత్తంగా కొంత డబ్బు, ఆ కంపెనీతో తగాదా మిగిలాయి. 1843లో ఆయన తన ఫలితాలను చిన్న నివేదికగా అచ్చువేశాడు. కటకం వంపులకు, గాజు వక్రీభవన గుణకానికి, ప్రతిబింబం ఎంత వంగుతుందన్నదానికి ఉన్న సంబంధం అందులో ఉంది. నేటికీ ఆ సంబంధంలో వచ్చే మొత్తాన్ని పెట్స్‌వాల్ మొత్తమనే అంటారు. కానీ దాని వెనక ఉన్న పూర్తి గణితం నివేదికలోకి ఎక్కలేదు. 1856లో మ్యూనిక్‌కు చెందిన జైడెల్ కటకాల దోషాలను అయిదు రకాలుగా విడదీసి ఒక్కొక్కదానికీ సూత్రం రాసి అచ్చువేశాడు. అందువల్ల గోళీయ విపథనం, కోమా, అస్టిగ్మాటిజం లాంటి దోషాల పట్టికకు జైడెల్ పేరు స్థిరపడింది.

ఈ విద్యకు పుస్తకాలు ఆలస్యంగా రావడానికి ఆ దొంగతనం ఒక్కటే కారణం కాదు. కటకం తయారీ తరతరాల కార్ఖానా రహస్యం. గాజు కరిగించే తీరు, గాజు ముద్దలో చారలు పడకుండా కలియబెట్టే ఒడుపు, ఏ వంపును ఏ వంపుతో జతచేయాలన్న అనుభవం అన్నీ గోడల లోపలే ఉండేవి. బవేరియాలో ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతి వర్ణపటంలోని నల్లగీతలను గుర్తులుగా పెట్టుకుని ఒక్కో గాజు ఒక్కో రంగును ఎంత వంచుతుందో కచ్చితంగా కొలవడం నేర్పాడు. కొలిచే పద్ధతిని లోకానికి చెప్పాడు. గాజు చేసే పద్ధతి మాత్రం బయటికి రాలేదు. ఫ్రౌన్‌హోఫర్ 1826లో, ముప్ఫైతొమ్మిదేళ్ళకే చనిపోయాడు.

తర్వాతి పెద్ద అడుగు యేనా అనే చిన్న జర్మన్ ఊళ్ళో పడింది. 1866లో సూక్ష్మదర్శినులు చేసే కార్ల్ జైస్ యువ భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆబేను సాయానికి పిలిచాడు. 1872 నాటికి జైస్ కార్ఖానాలో సూక్ష్మదర్శిని కటకాలన్నీ ఆబే లెక్కల ప్రకారమే తయారయ్యేవి. గాజు రకాలు మరీ తక్కువగా ఉండటం ఆబేకు అడ్డుపడింది. ఒటో షాట్ అనే రసాయనవేత్త 1882లో యేనాకు వచ్చి, రెండేళ్ళ తర్వాత ఆబే, జైస్‌లతో కలిసి గాజు కార్ఖానా పెట్టాడు. అక్కడినుంచి లోకానికి ముందెన్నడూ లేని గాజులు వచ్చాయి. కటకం రూపకర్తకు ఇది కొత్త రంగులు దొరికిన చిత్రకారుడి పరిస్థితి. అయితే ఆబే స్వయంగా రాసింది చాలా తక్కువ. ఆయన సిద్ధాంతం పుస్తకంగా వచ్చింది ఆయన సహోద్యోగి జిగ్‌ఫ్రీడ్ చాప్‌స్కీ చేతిమీదుగా, 1893లో. ఆరేళ్ళకు అదే కార్ఖానాకు చెందిన మోరిట్స్ ఫాన్ రోర్ ఫొటో కటకాల సిద్ధాంతాన్ని, చరిత్రను కలిపి మరో పెద్ద గ్రంథం రాశాడు. రెండూ జర్మన్ భాషలోనే ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో దారి వేరు. యార్క్ పట్టణంలో టెలిస్కోపులు చేసే కుక్ కంపెనీలో పనిచేసిన డెనిస్ టేలర్ 1893లో మూడే మూడు గాజులతో ఒక కటకానికి పేటెంటు తీసుకున్నాడు. ఈ విద్య నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఇక్కడ ఆగి చూడాలి. అంత అందమైన ఆలోచన ఇది. సమాన శక్తిగల ఒక కుంభాకార కటకాన్ని, ఒక పుటాకార కటకాన్ని ఒకే గాజుతో చేసి ఒకదానికొకటి ఆనించి పెడితే మొత్తం శక్తి సున్నా. పెట్స్‌వాల్ మొత్తమూ సున్నాయే. ఇప్పుడు రెంటినీ కొంచెం దూరం జరపాలి. పెట్స్‌వాల్ మొత్తానికి దూరంతో పనిలేదు కాబట్టి అది సున్నాగానే ఉంటుంది. జతకు మాత్రం శక్తి పుట్టుకొస్తుంది. అంటే చదునైన ప్రతిబింబాన్నిచ్చే కటకం దొరికినట్టే. అలాంటి జతలో ఎడమకూ కుడికీ సమతూకం ఉండదు కాబట్టి టేలర్ కుంభాకార కటకాన్ని రెండుగా చీల్చి పుటాకార కటకానికి అటొకటి ఇటొకటి పెట్టాడు. అదే కుక్ ట్రిప్లెట్. లీసెస్టర్‌లోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ కంపెనీ దాన్ని తయారుచేసింది. 1906లో డెనిస్ టేలర్ తన పద్ధతిని పెద్ద పుస్తకంగా రాశాడు. నిండా బీజగణితం ఉన్న ఆ పుస్తకంలోకి కొత్తవాడు అడుగుపెట్టడం కష్టం.

కొత్తవాడి కోసం పుస్తకం రావడానికి ఒక యుద్ధం కారణమైంది. 1914లో యుద్ధం మొదలవగానే బ్రిటన్‌కు బైనాక్యులర్లు, తుపాకీ దూరదర్శినులు, పెరిస్కోపులు కావాల్సి వచ్చాయి. మంచి గాజులో ఎక్కువ భాగం అప్పటిదాకా జర్మనీ నుంచే వచ్చేది. ఇప్పుడు జర్మనీయే శత్రువు. గాజు కొరత ఒకటైతే, కటకాన్ని లెక్కగట్టగల మనుషుల కొరత ఇంకొకటి. 1917లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో టెక్నికల్ ఆప్టిక్స్ విభాగం తెరిచారు. కటకాల రూపకల్పన నేర్పే బాధ్యత అలెగ్జాండర్ యూజెన్ కాన్రాడీకి అప్పగించారు. ఆయన పుట్టింది జర్మనీలో. వాట్సన్ కంపెనీకి సూక్ష్మదర్శిని కటకాలు లెక్కగట్టి ఇంగ్లండ్‌లోనే పేరు తెచ్చుకున్నాడు. జర్మన్ గాజు ఆగిపోయిన సమయంలో ఇంగ్లిషు కుర్రాళ్ళకు ఈ విద్య నేర్పే పని జర్మనీలో పుట్టినవాడికే దక్కింది.

కాన్రాడీ పాఠాలు 1929లో 'అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్' మొదటి భాగంగా అచ్చయ్యాయి. ఈ పుస్తకం విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చేయిస్తుంది. సూత్రం ఇచ్చి అక్కడితో ఆగదు. లాగరిథం పట్టికలతో ఒక్కో కిరణాన్ని ఒక్కో తలం దాటిస్తూ, ఏ వరుసలో ఏ అంకె రాయాలో, తప్పు జరిగిందేమో ఎలా సరిచూసుకోవాలో చూపిస్తుంది. రంగుల దోషానికి ఆయన కనిపెట్టిన ఉపాయం చూస్తే లెక్కలతో బతికిన మనిషి తెలివి తెలుస్తుంది. ఎరుపుకూ నీలానికీ వేర్వేరుగా కిరణాలు లెక్కగట్టాలంటే శ్రమ రెట్టింపు. కాన్రాడీ ఒక్క రంగు కిరణాన్నే లెక్కగట్టమన్నాడు. అది ఒక్కో గాజులో ఎంత దూరం ప్రయాణించిందో చూసి, అందులోంచి నడుమ అక్షం మీద ఆ గాజు మందాన్ని తీసేసి, వచ్చినదాన్ని ఆ గాజు రంగులను విడదీసే తీరుతో గుణించాలి. అన్ని గాజులకూ కలిపి మొత్తం సున్నా అయితే రంగుల దోషం సరిపోయినట్టే. లాగరిథం పట్టికలు మూలపడినా ఈ ఉపాయం చెదరలేదు.

కాన్రాడీ 1944లో చనిపోయేనాటికి రెండో భాగం పూర్తికాలేదు. దాన్ని పూర్తిచేసినవాడు ఆయన శిష్యుడు, అల్లుడు కూడా అయిన రుడాల్ఫ్ కింగ్‌స్లేక్. కాన్రాడీ కూతురు హిల్డా కూడా ఇంపీరియల్‌లోనే ఆప్టిక్స్ చదివింది. 1929లో ఇద్దరూ పెళ్ళి చేసుకుని అమెరికాలోని రోచెస్టర్‌కు వెళ్ళారు. ఈస్ట్‌మన్ కొడాక్, బాష్ అండ్ లాంబ్ కంపెనీల డబ్బుతో ఆ ఏడే అక్కడి విశ్వవిద్యాలయంలో ఆప్టిక్స్ సంస్థ మొదలైంది. కింగ్‌స్లేక్ అక్కడి తొలి అధ్యాపకుల్లో ఒకడు. 1937లో కొడాక్‌లో చేరి 1968 దాకా ఉన్నాడు. కటకాల రూపకల్పన విభాగాన్ని నడుపుతూనే విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడం మానలేదు. రెండో భాగం 1960లో డోవర్ ప్రచురణగా వచ్చింది. ఆయన సొంత పాఠాలు 1978లో 'లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్' అయ్యాయి. 1989లో ఫొటో కటకాల చరిత్ర కూడా రాశాడు. పెట్స్‌వాల్, టేలర్, జైస్ వాళ్ళ కటకాలు ఎలా పుట్టాయో ఒక రూపకర్త కళ్ళతో చూపే పుస్తకం అది. హిల్డా, రుడాల్ఫ్ ఇద్దరూ నూరేళ్ళ దగ్గర పడి 2003లో వెళ్ళిపోయారు. ఒక్క కుటుంబం గుండా ఒక వృత్తి విద్య ఇంతగా ప్రవహించిన ఉదాహరణలు చాలా అరుదు.

కింగ్‌స్లేక్ కాలంలోనే పని స్వభావం మారిపోయింది. చేత్తో లెక్కగట్టే రోజుల్లో అక్షాన్ని కలుపుకుని ఉన్న తలంలోని కిరణాలనే ఎక్కువగా లెక్కగట్టేవాళ్ళు. పక్కకు ఏటవాలుగా పోయే కిరణమంటే శ్రమ అనేక రెట్లు. ఒక్క కటకానికి నెలలు పట్టేవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హార్వర్డ్‌కు చెందిన జేమ్స్ బేకర్ విమాన కెమెరాల కటకాల కోసం మార్క్ 1 అనే లెక్కల యంత్రంతో కిరణాల లెక్క చేయించాడు. 1963లో కొడాక్‌లో పనిచేసే డొనాల్డ్ ఫెడర్ కంప్యూటర్ తనంతట తానే వంపులు, మందాలు మార్చుకుంటూ దోషాలు తగ్గించే పద్ధతి మీద పెద్ద వ్యాసం అచ్చువేశాడు. అక్కడినుంచి కోడ్ వి, జీమాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ దాకా దారి తిన్నగానే నడిచింది.

అయితే కంప్యూటర్ వెతికేది మనిషి పెట్టిన మొదటి రూపం చుట్టుపక్కలే. ట్రిప్లెట్ ఇస్తే మెరుగైన ట్రిప్లెట్ ఇస్తుంది. ఎక్కడ నాలుగో గాజు కావాలో, దాన్ని ఎందుకు చేర్చాలో రూపకర్తకు తెలియాలి. పాత పుస్తకాలు ఇంకా అమ్ముడుపోవడానికి కారణం ఇదే.

కొత్త తరం పుస్తకాల్లో వారెన్ స్మిత్‌వి ముందు వరసలో ఉంటాయి. రోచెస్టర్‌లో చదివిన స్మిత్ బోధన కన్నా ఎక్కువగా పరిశ్రమలో పనిచేశాడు. 1966లో వచ్చిన 'మోడర్న్ ఆప్టికల్ ఇంజనీరింగ్' ఇంజనీరు బల్లమీద ఉండాల్సిన పుస్తకం. దోషాలతో పాటు కొలతల్లో ఎంత తేడా భరించవచ్చు, గాజును ఎలా బిగించాలి, డిటెక్టర్‌కు ఎంత వెలుతురు చేరుతుంది లాంటి విషయాలన్నీ అందులో ఉన్నాయి. 1992లో ఆయన రాసిన 'మోడర్న్ లెన్స్ డిజైన్'లో ఎన్నో కటకాల కొలతలు, దోషాల పటాలతో సహా ఉన్నాయి. మొదటి రూపం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ఆ పుస్తకం నేరుగా జవాబిస్తుంది. 1962లో అమెరికా రక్షణశాఖ అచ్చువేసిన ఆప్టికల్ డిజైన్ చేతిపుస్తకం, ఎంఐఎల్ హెచ్‌డీబీకే 141, కూడా మంచిదే. రోచెస్టర్ అధ్యాపకుడు రాబర్ట్ హాప్కిన్స్ దాని రచనలో ముఖ్యుడు. ప్రభుత్వ ప్రచురణ కాబట్టి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒకప్పుడు గోడల లోపల దాచిన విద్య ఒక సైన్యం ఖర్చుతో బయటపడిందన్నమాట. గణితం లోతుగా కావాల్సినవాళ్ళకు ఇంపీరియల్ కాలేజీకే చెందిన వెల్‌ఫర్డ్ దోషాల మీద రాసిన గ్రంథం ఉంది.

భారతదేశానికి ఈ విద్య స్వాతంత్ర్యం తర్వాత అత్యవసరమైంది. కలకత్తాలోని కేంద్ర గాజు, పింగాణీ పరిశోధనా సంస్థలో ఆత్మారాం నాయకత్వాన ఆప్టికల్ గాజును స్వదేశంలోనే తయారుచేశారు. డెహ్రాడూన్‌లోని రక్షణ సంస్థ సైనిక పరికరాల రూపకల్పన చేపట్టింది. తెలుగు నేల మీద మచిలీపట్నం కథ ఈ వృత్తికి దగ్గరిది. 1926లో అక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాలలకు పరికరాలు తయారుచేసేది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిపోయింది. ఆ యూనిట్ రాత్రి చీకట్లో చూడటానికి సైన్యం వాడే పరికరాలకు కేంద్రమైంది. అలాంటి పరికరం ప్రతిదానిలో ముందు ఒక కటకం ఉంటుంది, దాన్ని ఎవరో లెక్కగట్టి ఉండాలి.

ఇవాళ ఈ విద్య మొదలుపెట్టే ఇంజనీరింగ్ విద్యార్థి ముందు సాఫ్ట్‌వేర్ తెరవకపోవడం మంచిది. స్మిత్ పుస్తకంలో దోషాల అధ్యాయాలు చదివి, కింగ్‌స్లేక్ పుస్తకంలో రెండు గాజులు అతికించిన డబ్లెట్ రూపకల్పనకు రావాలి. క్రౌన్ గాజు, ఫ్లింట్ గాజు ఎంచుకుని రంగుల దోషం సున్నా అయ్యేలా శక్తులను పంచి, వంపులు మార్చుతూ నాలుగైదు కిరణాలు కాలిక్యులేటర్‌తో లెక్కగట్టాలి. స్ప్రెడ్‌షీట్ ఉంటే ఇంకా సులువు. ఆ తర్వాతే అదే డబ్లెట్‌ను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి తన అంకెలు, దాని అంకెలు పక్కపక్కన చూసుకోవాలి. డబ్లెట్ అయ్యాక ట్రిప్లెట్, దాని తర్వాత నాలుగు గాజుల టెస్సార్. కాన్రాడీని అప్పుడు తెరిస్తే ఆయన లాగరిథం వరుసల మధ్య ఏం చేస్తున్నాడో తేలిగ్గా అర్థమవుతుంది. కింగ్‌స్లేక్ పుస్తకం కావాలనుకునేవాళ్ళు బారీ జాన్సన్ సవరించి పెంచిన 2010 నాటి కూర్పును కొనుక్కోవడం మేలు. పాత ఉదాహరణలతో పాటు కంప్యూటర్ కాలపు అధ్యాయాలూ అందులో ఉన్నాయి.