ఎండడం వేరు, ఆరడం వేరు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా మేనకోడలు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫోన్ చేసింది. మాకు రాత్రి, వాళ్లకు పొద్దున్న. "మావయ్యా, ఇక్కడ చలికాలం ఎటు పోయిందో తెలీదు. పిల్లలు స్వెట్టర్లు విసిరేసి ఆడుతున్నారు. సాయంత్రం పెరట్లో చికెన్ కాల్చుకుందామనుకుంటే, ఇవాళ బయట నిప్పు వెలిగించొద్దని ఫోన్‌కి హెచ్చరిక వచ్చింది. రాత్రే కదా నాలుగు చినుకులు పడ్డాయి! గడ్డి ఇంకా ఆరనే లేదు, అంటుకుంటుందా?"

"ఆరే ఉంటుంది, చూసి రా," అన్నాను.

చూసొచ్చింది. "ఆరింది. ఇంత తొందరగానా?"

ఆ పిల్ల వాడిన మాట దగ్గర నేను ఆగిపోయాను. తడి పోవడానికి మనకు రెండు క్రియలున్నాయి: ఎండు, ఆరు. రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నట్టే ఉంటుంది గానీ, తెలుగు నోరు అంత తేలిగ్గా పొరపడదు. తల ఆరుతుంది, ముగ్గు ఆరుతుంది, అలికిన నేల ఆరుతుంది, కడిగిన గిన్నె ఆరుతుంది. చెరువు మాత్రం ఎండుతుంది. చేను, చెట్టు, గొంతు ఎండుతాయి, కరువొస్తే డొక్కలెండుతాయి. పైనుంచి వచ్చి పడ్డ తడి పోతే ఆరడం, లోపల తనదిగా ఉన్న తడి పోతే ఎండడం. తల ఆరినా తల తలే, చెరువు ఎండితే అది పశువులు తిరిగే బయలు. బట్టలు ఎండాయా అని అడిగే ఇళ్లూ లేకపోలేదు. వాళ్లతో నాకు పేచీ లేదు, మే నెల ఎండలో బట్టలకు ఆ మాటే సరిపోతుంది.

ఎండు పక్కనే ఎండ ఉంది. సూర్యుడి నుంచి వచ్చేదీ, ఆ వచ్చినది చేసే పనీ ఒకే ధాతువులోంచి పుట్టాయి. అంటే ఎండ అన్నప్పుడు మనవాళ్లు వేడి కన్నా ముందు తడి పీల్చడాన్ని చూశారని నా అనుమానం. నీరెండలో వేడి ఎంతని? అయినా వడియాలు ఎండుతాయి. పత్రికల వాళ్లు రోజూ ఎవరో ఒకరిని 'ఎండగడుతూ' ఉంటారు. అందులోనూ కాల్చడం లేదు, బయటపెట్టి లోపలి పసను పీల్చేయడమే. పండు, ఎండు అనే జంట చూడండి. ఆకు ముందు పండుతుంది, తర్వాత ఎండుతుంది. పండుటాకులో ఇంకా ప్రాణం ఉంది, ఎండుటాకులో లేదు. నిప్పుకు ఈ తేడా మన కన్నా బాగా తెలుసు.

ఇప్పుడు మేనకోడలి ఊరికి వద్దాం. అమెరికా మధ్య మైదానాల్లో కార్చిచ్చుకు అదను మండు వేసవి కాదు, చలికాలం వెళ్లిపోతూ వసంతం ఇంకా రాని సందు. అక్కడి గడ్డి తొలి గడ్డకట్టు చలికే చచ్చి గోధుమరంగుకు తిరుగుతుంది. మళ్లీ పచ్చబడే దాకా అది నిలబడి ఉన్న ఎండుగడ్డి, అంటే కోసి వామి వేయని వామి. ఇది ఎండడం. దీన్ని రాత్రి కురిసిన నాలుగు చినుకులు ఏమీ చేయలేవు. చచ్చిన పరక తడుస్తుందే గానీ పచ్చబడదు. ఆ పైన పడమటి గాలి. రాకీ పర్వతాల మీంచి కిందికి జారే గాలి నొక్కుకుపోయి, ప్రతి కిలోమీటరు దిగుడుకూ పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ దాని దాహం పెరుగుతుంది. పిల్లలు స్వెట్టర్లు తీసింది ఈ గాలికే, గడ్డి మీది చినుకులను తాగేసిందీ ఈ గాలే. ఇది ఆరడం.

అమెరికా అటవీ ఉద్యోగులు ఎండు పుల్లలనూ దుంగలనూ గంటల్లో కొలుస్తారని తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. చుట్టూ ఉన్న గాలి తేమకు తగ్గట్టు మారడానికి ఒక వస్తువుకు ఎంతసేపు పడుతుందన్నది లెక్క. పావు అంగుళం కన్నా సన్నని గడ్డి, పుల్ల 'ఒక గంట' సరుకు. ఆ పైన పది గంటలవి, వంద గంటలవి, లావుపాటి దుంగలైతే వెయ్యి గంటలవి. అంటే చలికాలమంతా కూడబెట్టిన ఎండును గంటలో జరిగే ఆరుడు నిప్పుకు అప్పగిస్తుంది. ఎండడం ఋతువు పని, ఆరడం పూట పని. గుంటూరు కల్లాల్లో ఇదే నెలలో మిర్చి ఆరబోసే కూలీలకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరబోయగా ఆరబోయగా అది ఎండుమిర్చి అవుతుంది. పని పేరులో ఆరు ఉంది, సరుకు పేరులో ఎండు ఉంది.

2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ ఉత్తర కొసన, పటంలో పెనానికి కాడలా కనబడే ప్యాన్‌హ్యాండిల్‌లో, కరెంటు లైన్ల వల్ల ఒక మంట పుట్టింది. స్మోక్‌హౌస్ క్రీక్ ఫైర్ అని దాని పేరు. పడమటి గాలికి అది సన్నగా, పొడుగ్గా తూర్పుకు పరుగెత్తి ఓక్లహోమాలోకి కూడా వెళ్లింది. మర్నాడు ఉత్తరం నుంచి చలిగాలి వచ్చింది. చలిగాలి వస్తే మేలనుకుంటాం కదా! గాలి దిశ మారడంతో ఆ పొడుగాటి మంటకు పక్క అంతా ముఖమై దక్షిణానికి తిరిగింది. పది లక్షల ఎకరాలకు పైగా కాలింది, వేల పశువులు చచ్చాయి. టెక్సాస్ చరిత్రలో అంతకన్నా పెద్ద కార్చిచ్చు లేదు. 29న ఆ నల్లని నేల మీద మంచు కురిసింది. కొలరాడోలో 2021 డిసెంబరు 30న లేచిన మార్షల్ ఫైర్ కూడా ఇలాంటిదే. ఒక్క పూటలో వెయ్యికి పైగా ఇళ్లు బూడిదయ్యాయి, తెల్లారి మంచు పడింది. ఒక్క రోజు ముందు పడి ఉంటే అనిపిస్తుంది గానీ, మంచును అడిగేదెవరు?

మంచు పడ్డాక మంటలు ఏమయ్యాయి? ఆరాయి. ఇక్కడే మన మాట మెలిక తిరుగుతుంది. తడి పోతే ఆరింది అంటాం, నిప్పు పోయినా ఆరింది అనే అంటాం. నీళ్లు పోసి ఆర్పింది, ఎండలో వేసి ఆరబెట్టింది, రెండూ ఆరినవే. పాతకాలపు రాతలో దీన్ని బండి ఱతో 'ఆఱు' అని రాసేవారు. కన్నడంలోనూ దీపం, బట్ట రెండూ ఆరుతాయి. తమిళంలో ఆఱు అంటే చల్లబడటం, పుండు మానడం. అక్కడ బట్ట తడి పోవడానికి వేరే మాట ఉంది, కాయ్. మన దగ్గర ఎండ కాస్తుంది, అక్కడ బట్టలు కాస్తాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఆరు అడుగున ఉన్నది తడీ కాదు, నిప్పూ కాదు, అణగడం అనిపిస్తుంది. మీదికి వచ్చి పడ్డ పరాయిది ఏదైనా అణగి, ఉన్నది మిగలడం. పుండు ఆరితే చర్మం మిగిలినట్టు, చల్లారితే పాలు మిగిలినట్టు. మన పెద్దవాళ్లు ఇంట్లో దీపానికి మాత్రం ఈ మాట వాడనివ్వరు. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. ప్యాన్‌హ్యాండిల్‌లో ఎక్కడానికి కొండలు ఎక్కడివి!

చెయ్యించే క్రియల దగ్గర భాషే జాగ్రత్త పడింది. నిప్పునైతే ఆర్పుతాం, బట్టనైతే ఆరేస్తాం. పొరపాటున కూడా బట్టను ఆర్పం. తనంతట తాను జరిగేటప్పుడు కలిసిపోయిన రెండు పనులు, మనిషి చెయ్యి పడగానే విడిపోయాయి.

మార్చి మొదట్లో మళ్లీ మాట్లాడుకున్నాం. వాళ్ల హైవే పక్కన ఎవరో విసిరిన సిగరెట్టుకు గడ్డి అంటుకుందట, ట్రాఫిక్ గంటసేపు ఆగిందట. ఆ సాయంత్రమే వాన మొదలైందట.

"ఆరిందా మరి?" అన్నాను.

"ఏది మావయ్యా, మంటా, గడ్డా?"