1944-45 రంజీ ట్రోఫీ

1944-45 రంజీ ట్రోఫీ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జరిగిన భారత దేశవాళీ క్రికెట్ పోటీ. ఫైనల్లో బొంబాయి జట్టు హోల్కర్ జట్టును 374 పరుగుల తేడాతో ఓడించింది. ఓడిన జట్టు నాయకుడు సి.కె.నాయుడు, ఆ జట్టు ప్రధాన బౌలరు సి.ఎస్.నాయుడు అన్నదమ్ములు. వీరు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవారు.

నేపథ్యం

యుద్ధం కారణంగా 1940 నుండి 1945 వరకు ఇంగ్లాండులో కౌంటీ ఛాంపియన్‌షిప్ జరగలేదు. భారతదేశంలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే సంవత్సరం ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. అయినప్పటికీ రంజీ ట్రోఫీ ఒక్క ఏడాది కూడా ఆగలేదు. సైనిక విధులపై భారతదేశానికి వచ్చిన కొందరు ఆంగ్ల క్రీడాకారులు కూడా ఇందులో పాల్గొన్నారు. ఇండోర్ సమీపంలోని మౌ సైనిక స్థావరంలో పనిచేసిన డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరపున ఆడాడు.

ఇండోర్ సంస్థానాధీశుల ఆదరణతో ఏర్పడిన హోల్కర్ జట్టుకు భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె.నాయుడు నాయకత్వం వహించాడు. అప్పటికి అతని వయస్సు 49 సంవత్సరాలు.

ఫైనల్

1945 మార్చిలో బొంబాయిలోని బ్రాబోర్న్ స్టేడియంలో ఫైనల్ జరిగింది. ఫలితం తేలేవరకు ఆడే పద్ధతి కావడంతో ఇన్నింగ్సును త్వరగా ముగించవలసిన అవసరం బొంబాయికి లేకపోయింది.

బొంబాయి: 462, 764
హోల్కర్: 360, 492

బొంబాయి రెండవ ఇన్నింగ్సులో విజయ్ మర్చంట్ 278 పరుగులు చేశాడు. హోల్కర్ విజయ లక్ష్యం 867 పరుగులు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్సులలోనూ శతకాలు (109, 139) సాధించాడు. కాంప్టన్ 249 పరుగులతో చివరివరకు అజేయంగా నిలిచినా ఓటమి తప్పలేదు. మ్యాచ్‌లో నమోదైన మొత్తం 2,078 పరుగులు అప్పటికి ప్రథమ శ్రేణి క్రికెట్‌లో ప్రపంచ రికార్డు. 1948-49లో పూనాలో జరిగిన బొంబాయి, మహారాష్ట్ర మ్యాచ్ (2,376 పరుగులు) దీనిని అధిగమించింది.

సి.ఎస్.నాయుడు బౌలింగ్

లెగ్‌స్పిన్ బౌలరైన సి.ఎస్.నాయుడు మొదటి ఇన్నింగ్సులో 64.5 ఓవర్లలో 153 పరుగులకు 6 వికెట్లు, రెండవ ఇన్నింగ్సులో 88 ఓవర్లలో 275 పరుగులకు 5 వికెట్లు పడగొట్టాడు. మొత్తం 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి, 11 వికెట్లు తీశాడు. ఒకే ప్రథమ శ్రేణి మ్యాచ్‌లో అత్యధిక బంతులు వేసిన రికార్డు, అత్యధిక పరుగులిచ్చిన రికార్డు రెండూ దీనితో అతని పేరిట నమోదయ్యాయి. ఈ రెండవ రికార్డు చూడటానికి వైఫల్యంగా కనిపించినా, అంత సుదీర్ఘ బౌలింగ్ భారాన్ని మోసి 11 వికెట్లు సాధించినవాడు కూడా అతడే.

తరువాతి పరిణామాలు

మరుసటి ఏడాది, 1945-46 ఫైనల్లో హోల్కర్ బరోడాను ఓడించి తొలిసారి ట్రోఫీ గెలుచుకుంది. ఆ మ్యాచ్‌లో సి.కె.నాయుడు 50 ఏళ్ళ వయస్సులో 200 పరుగులు చేశాడు.

యుద్ధకాలంలో కృష్ణా జిల్లాతో సహా కోస్తా ఆంధ్ర మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. ఈ ప్రాంతానికి రంజీ ట్రోఫీలో ప్రత్యేక జట్టు లేదు. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన తరువాత 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలో ప్రవేశించింది. దాని మొదటి కెప్టెన్ కూడా సి.కె.నాయుడే.