వెనుకనుంచి చూపు

వీపున తగిలించుకున్న కడ్డీ చివర కెమెరా, కళ్లకు వీడియో కళ్లద్దాలు అమర్చుకుని, వీడియో గేములో పాత్రను చూసినట్టు తన ఒంటిని తానే వెనుకనుంచి చూసుకుంటూ కదిలే ప్రయోగం ఇది. పబ్జీ ఆడిన కుర్రాళ్లకు ఈ కోణం బాగా తెలుసు.

ఆలోచన పాతదే. అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ స్ట్రాటన్ 1899లో ప్రచురించిన ప్రయోగంలో అద్దాల అమరికతో తన శరీరాన్ని పైనుంచి చూసుకున్నాడు. అసలు వెలుగు 2007లో వచ్చింది. ఆ ఏడాది ‘సైన్స్’ పత్రికలో రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. ఒకదానిలో ఒలాఫ్ బ్లాంకె అనే శాస్త్రవేత్త బృందం మనిషిని నిలబెట్టి, రెండు మీటర్ల వెనుకనున్న కెమెరా తీస్తున్న అతని వీపునే కళ్లద్దాల్లో చూపించింది. వీపు మీద పుల్లతో రాస్తుంటే, ఆ స్పర్శ ఎదుట కనిపించే ఒంటి మీదే జరుగుతున్నట్టు తోచింది. తర్వాత గంతలు కట్టి వెనక్కి నడిపించి, మొదటి చోటికి వెళ్లమంటే, బొమ్మ కనిపించిన వైపుకు జరిగి ఆగాడు. చిత్రాన్ని ఆలస్యంగా చూపితే భ్రమ సడలింది. రెండోదానిలో హెన్రిక్ ఎర్సన్ మరో అడుగు వేశాడు: తాను కెమెరా ఉన్న చోటే ఉన్నానని మనిషికి తోచేలా చేసి, కెమెరా కింద, ఖాళీ గాలిలో సుత్తి ఊపితే చర్మపు చెమట స్పందన పెరిగింది. ‘నేను ఇక్కడున్నాను’ అనే నమ్మకాన్ని మెదడు క్షణక్షణం కట్టుకుంటుందని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు అరుదు.

ఇలా తనను తాను వెనుకనుంచి చూసుకుంటూ నడవడంలో చిక్కులున్నాయి. ఒకే కెమెరాతో లోతు సరిగా అందదు. చిత్రం ఆలస్యమైతే కడుపులో తిప్పుతుంది. మామిడి కాలంలో ట్రాక్టర్లు బారులు తీరే బంగారుపాళ్యం మార్కెట్ యార్డు వంటి చోట దీన్ని ప్రయత్నించకూడదు. చదునైన ఖాళీ స్థలంలో, పక్కన ఒకరిని తోడుంచుకుని, ముందు కూర్చునే మొదలుపెట్టాలి.