కేసు ఎవరిది?

“కేసు వాపసు తీసుకుంటే సరిపోతుంది కదండీ?” కెనడాలో ఇన్నేళ్ళుగా ఉంటూ మన ఆడపిల్లల నోట ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. మొగుడు చెయ్యి చేసుకున్న రాత్రి 911కి ఫోన్ చేస్తారు. పోలీసులొచ్చి అతన్ని తీసుకుపోతారు. తెల్లారేసరికి ఇండియా నుంచి అటు అత్తగారి ఫోను, ఇటు అమ్మ ఫోను. ఇద్దరిదీ ఒకటే మాట, రాజీపడమని.

వాపసు తీసుకోవడానికి ఇక్కడ ఆ కేసు ఆమెది కాదు. కోర్టు కాగితాల్లో ‘రాజు వర్సెస్ ఫలానా’ అని ఉంటుంది. 2022లో ఎలిజబెత్ రాణి పోయేదాకా ‘రాణి వర్సెస్ ఫలానా’. నేరం మోపేది పోలీసులో, ప్రాసిక్యూటరో. మోపాక ఎత్తెయ్యాలంటే క్రౌన్ ప్రాసిక్యూటరే ఎత్తెయ్యాలి.

ఒకప్పుడు ఇలా లేదు. పోలీసులు మొగుడు వింటుండగానే “కేసు పెడతావా?” అని భార్యని అడిగేవారు. ఆమె ఏం చెబుతుంది? 1981లో ఒంటారియోలోని లండన్ నగర పోలీసులు ఆ భారం ఆమె మీంచి తీసేసి, ఆధారాలుంటే నేరం తామే మోపడం మొదలుపెట్టారు. 1982 మేలో వాంకూవర్ సభ్యురాలు మార్గరెట్ మిచెల్ పార్లమెంటులో లేచి, పదిమంది మొగుళ్ళలో ఒకడు భార్యని కొడుతున్నాడని చెబితే సభలో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుకి దేశంలో ఆడవాళ్ళు మండిపడ్డారు. 1983లో కేంద్రం కూడా తన పోలీసులకి లండన్ పద్ధతే పాటించమని చెప్పింది. రాష్ట్రాలూ ఆ దారే పట్టాయి.

విచిత్రంగా, మన 498ఎ సెక్షను వచ్చిందీ 1983లోనే. ఆంధ్రప్రదేశ్ 2003లో దానికి కోర్టు అనుమతితో రాజీ వీలు కల్పించింది. మనవాళ్ళ మనసులో ఉన్నది ఆ రాజీయే.

“రాజీపడ్డాం, ఇక కోర్టుకెందుకు?” అని ఆగిపోవడంలోనే ప్రమాదం ఉంది. సాక్షిగా సమన్లు అందుకున్న భార్య రాకపోతే జడ్జి ఆమె మీద వారంటు ఇవ్వొచ్చు. కోర్టు ధిక్కారం కింద 90 రోజుల వరకు జైలు కూడా వెయ్యొచ్చు. ఇక భర్త సంగతి. 1972లో అమలుకొచ్చిన బెయిల్ సంస్కరణ చట్టం, చాలామందిని జైల్లో ఉంచకుండా ‘వాయిదాకి వస్తాను’ అన్న మాట మీద ఇంటికి పంపే పద్ధతి తెచ్చింది. సరైన కారణం లేకుండా ఆ మాట తప్పితే, శిక్షాస్మృతి 145వ సెక్షను కింద అదో కొత్త నేరం. గరిష్ఠంగా రెండేళ్ళ జైలు. పాత కేసు కొట్టేసినా ఇది మిగిలిపోవచ్చు. భార్యని కలవకూడదని బెయిలు షరతు ఉంటే, ఆమే రమ్మని పిలిచినా ఇంటికెళ్ళడం నేరమే.

మనసు మారితే ఆమె ఆ మాట ప్రాసిక్యూటర్ కార్యాలయానికి చెప్పుకోవచ్చు. వాళ్ళు వింటారు, నిర్ణయం మాత్రం వాళ్ళదే. అది వచ్చేదాకా వాయిదా వాయిదాయే. ఇద్దరూ వెళ్ళాల్సిందే.