సీల్డ్ కవరు నుంచి తీర్పు ప్రతికి: శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయం, అధికార రహస్యాల చట్టం, ఉత్తర తెలంగాణ

వ్యాససంగ్రహం:
ప్రభుత్వ రహస్య పత్రాలను ప్రచురించినవారిపై అభియోగాలు మోపే అధికారం భారతదేశంలో 1889 నుంచి చట్టరూపంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ పరిస్థితిపై నియమితమైన శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరులో కేంద్ర హోంశాఖకు సీల్డ్ కవరులో ఒక అనుబంధ నోటును సమర్పించింది. శాంతిభద్రతల దృష్టితో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలను పేర్కొన్న ఆ నోటు పత్రికలను ఏ విధంగా దారికి తెచ్చుకోవచ్చో కూడా సూచించింది. అందులోని భాగాలు ప్రజలకు తెలిసింది పత్రికకు లీకైనందువల్ల కాదు, హైకోర్టు న్యాయమూర్తి ఆదేశం వల్ల. ఒక పత్రం రహస్యమా కాదా అనేది దానిలోని విషయాన్ని బట్టి కాక, దాన్ని వెల్లడించేవారి స్థానాన్ని బట్టి నిర్ణయమవుతున్నదని ఈ ఉదంతం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అధికార రహస్యాల చట్టం, శ్రీకృష్ణ కమిటీ, ఎనిమిదో అధ్యాయం, పత్రికా స్వేచ్ఛ, సమాచార హక్కు, కరీంనగర్, ఆదిలాబాద్.

1. ఉపోద్ఘాతం:
రహస్య పత్రాల ప్రచురణ గురించిన చర్చ సాధారణంగా అమెరికా వియత్నాం యుద్ధ పత్రాలతోనో, వికీలీక్స్‌తోనో మొదలవుతుంది. 1971 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో న్యూయార్క్ టైమ్స్ పక్షాన తీర్పు చెప్పింది. 2024 జూన్‌లో వికీలీక్స్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ గూఢచర్య చట్టం కింద ఒక నేరాన్ని అంగీకరించి విడుదలయ్యాడు. ఒకే దేశంలో అర్ధశతాబ్ది వ్యవధిలో వచ్చిన ఈ రెండు ముగింపులు ప్రచురణకర్త హక్కు ఎంత అస్థిరమైనదో తెలియజేస్తాయి.

తెలుగు నేలపై ఇదే సమస్య మరో రూపంలో ఎదురయింది. ఇక్కడ ప్రధాన పాత్ర లీకైన పత్రానిది కాదు, సీలు వేసిన కవరుది. ఆ కవరులో ఏముందన్నది తెలంగాణ ఉద్యమ కాలంలో, ముఖ్యంగా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో, రాజకీయ జీవన్మరణ సమస్య అయింది.

2. చట్టం పుట్టుక, స్వభావం:
1889 అక్టోబరులో కలకత్తా నుంచి వెలువడే అమృత బజార్ పత్రిక కాశ్మీర్, గిల్గిట్ వ్యవహారాలకు చెందిన వలస ప్రభుత్వ రహస్య పత్రాన్ని అచ్చువేసింది. అదే నెలలో అధికార రహస్యాల చట్టం ఆమోదం పొందింది. 1904లో కర్జన్ ప్రభుత్వం ఈ చట్టాన్ని సైనిక విషయాల నుంచి పౌర పరిపాలనా వ్యవహారాలకు కూడా విస్తరింపజేసినప్పుడు గోపాలకృష్ణ గోఖలే శాసనమండలిలో వ్యతిరేకించాడు. వీటి స్థానంలో వచ్చిన 1923 చట్టమే స్వాతంత్ర్యం తరువాత కూడా కొనసాగుతున్నది.

ఈ చట్టంలో ప్రచురణకర్తలకు సంబంధించినంతవరకు రెండు అంశాలు కీలకమైనవి. మొదటిది 5వ సెక్షన్. రహస్య సమాచారాన్ని అనధికారికంగా ఇచ్చినవారితో పాటు, అది చట్టవిరుద్ధంగా వచ్చిందని తెలిసీ స్వీకరించినవారు కూడా ఈ సెక్షన్ ప్రకారం నేరస్థులే. గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. ‘రహస్యం’ అన్న పదానికి చట్టం నిర్వచనం ఇవ్వలేదు. రెండవది 13వ సెక్షన్. సంబంధిత ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం ఈ నేరాన్ని విచారణకు స్వీకరించదు. అంటే వెల్లడి వల్ల ఇబ్బంది పడిన ప్రభుత్వమే ఎవరిని బోను ఎక్కించాలో, ఎవరిని వదిలేయాలో నిర్ణయిస్తుంది.

ఈ విచక్షణ ఫలితాలు తరువాతి కేసుల్లో కనిపిస్తాయి. కాశ్మీర్‌కు చెందిన పాత్రికేయుడు ఇఫ్తికార్ గిలానీని 2002 జూన్‌లో ఢిల్లీలో అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్‌లో దొరికిన పత్రం అప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నదని తేలాక 2003 జనవరిలో కేసు ఉపసంహరించుకున్నారు. ఈలోగా ఆయన ఏడు నెలలు తీహార్ జైలులో గడిపాడు. పెట్టుబడుల ఉపసంహరణపై ఒక కేబినెట్ నోటును వెల్లడించిన ఆర్థిక పాత్రికేయుడు శంతను సైకియా సంవత్సరాల తరబడి కేసు ఎదుర్కొన్నాడు. 2009లో ఢిల్లీ న్యాయస్థానం ఆయనను అభియోగాల నుంచి విముక్తుణ్ణి చేస్తూ, ‘రహస్యం’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన పత్రం ఈ చట్టం పరిధిలోకి రాదని స్పష్టం చేసింది. రెండు కేసుల్లోనూ అంతిమంగా శిక్ష పడలేదు, కాని విచారణే శిక్ష అయింది.

3. ఉత్తర తెలంగాణ నేపథ్యం:
కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆధునిక చరిత్రలో ప్రభుత్వ కథనానికీ ప్రజల కథనానికీ మధ్య పోటీ చాలా పాతది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కొద్ది వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్య 13 అని ప్రభుత్వం ప్రకటించగా, అది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఏ లెక్క చరిత్రలో నిలవాలన్నది పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్నతో ముడిపడింది. ఈ ప్రాంతంలో సమాచారాన్ని అదుపు చేయడానికి అధికార రహస్యాల చట్టం కంటే కల్లోలిత ప్రాంతాల ప్రకటనలు, నిర్బంధాలు ఎక్కువగా ఉపయోగపడ్డాయి. అందువల్ల రహస్య పత్రంపై ఇక్కడి పాఠకుల అనుమానం నిన్నమొన్నటిది కాదు.

మలిదశ తెలంగాణ ఉద్యమం కూడా ఇదే నేలపై మలుపు తిరిగింది. 2009 నవంబరు 29న నిరాహార దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును కరీంనగర్ సమీపంలోని అలుగునూరు వద్ద అరెస్టు చేశారు. డిసెంబరు 9న కేంద్రం రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియను ప్రారంభిస్తామని ప్రకటించి, డిసెంబరు 23న విస్తృత సంప్రదింపుల పేరుతో వెనక్కి తగ్గింది. ఆ సంప్రదింపుల కోసం ఏర్పడినదే శ్రీకృష్ణ కమిటీ.

4. ఎనిమిదో అధ్యాయం:
2010 ఫిబ్రవరిలో నియమితమైన ఈ కమిటీకి జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షుడు. వినోద్ కుమార్ దుగ్గల్, రణబీర్ సింగ్, అబూసలే షరీఫ్, రవీందర్ కౌర్ సభ్యులు. 2010 డిసెంబరు 30న సమర్పించిన నివేదికను 2011 జనవరి 6న బహిరంగపరిచారు. అందులో ఆరు ప్రత్యామ్నాయాలను చర్చించి, రాష్ట్రాన్ని సమైక్యంగా ఉంచి తెలంగాణకు రక్షణలు కల్పించే ఆరో మార్గానికి మొగ్గు చూపారు. శాంతిభద్రతలు, అంతర్గత భద్రతకు చెందిన ఎనిమిదో అధ్యాయం మాత్రం పాఠకులకు దొరకలేదు. ఆ విషయాలపై ప్రత్యేక నోటును సీల్డ్ కవరులో హోంశాఖకు అందజేసినట్లు మాత్రమే నివేదిక చెప్పింది.

నిజామాబాద్ మాజీ పార్లమెంటు సభ్యుడు ఎం. నారాయణరెడ్డి ఈ రహస్యాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సవాలు చేశారు. న్యాయమూర్తి ఎల్. నరసింహారెడ్డి ఆ నోటును తెప్పించుకొని చదివి, 2011 మార్చి 23న దాన్ని బహిరంగపరచాలని ఆదేశించారు. తమ నిర్ణయానికి కారణాలు చెప్పే క్రమంలో నోటులోని భాగాలను ఆదేశంలోనే ఉదహరించారు. అవి మరునాటి పత్రికల్లో వార్తలయ్యాయి. కేంద్రం అప్పీలు చేయగా ధర్మాసనం ఆ ఆదేశం అమలును నిలిపివేసింది. అయితే అప్పటికే ఉదహరించిన భాగాలు ప్రజల చేతికి చేరాయి.

వెల్లడైన విషయాలు మూడు విధాలైనవి. మొదటిది రాజకీయ నిర్వహణ. తెలంగాణకు చెందిన నాయకులకు ముఖ్యమంత్రి లేదా ఉపముఖ్యమంత్రి వంటి పదవులు ఇవ్వడం ద్వారా ఉద్యమ తీవ్రతను తగ్గించవచ్చన్న ఆలోచన ఇందులో ఉంది. రెండవది బలగాల మోహరింపు. ఆందోళన చెలరేగే అవకాశమున్న చోట్లలో ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలతో పాటు వరంగల్, మెదక్ సరిహద్దులోని కరీంనగర్ ప్రాంతాలు, ఆదిలాబాద్ పట్టణం, మంచిర్యాల పరిసరాలు చోటుచేసుకున్నాయి. మూడవది మీడియా నిర్వహణ. రెండు టీవీ చానళ్ళు తప్ప మిగిలిన చానళ్ళు, మొత్తం పత్రికారంగం సీమాంధ్ర యాజమాన్యంలో ఉన్నాయని, క్షేత్రస్థాయి విలేకరులు మాత్రం స్థానికులు కనుక స్థానిక మనోభావాలనే రాస్తారని నోటు గమనించింది. పత్రికలు ప్రభుత్వ ప్రకటనల ఆదాయంపై ఎక్కువగా ఆధారపడి ఉన్నందున జాగ్రత్తగా వ్యవహరిస్తే అవి ఉపయోగకరమైన సాధనం కాగలవని సూచించింది.

5. విశ్లేషణ:
ఈ మూడు అంశాలను ఒకే గాటన కట్టడం సరికాదు. ఏ పట్టణంలో ఎన్ని బలగాలు ఉండాలన్న సమాచారం కొంతకాలం గోప్యంగా ఉండటంలో న్యాయం ఉంది. ముందే వెల్లడైతే పౌరులకు, పోలీసులకు కూడా ప్రమాదం కలగవచ్చు. ఏ ప్రజాస్వామ్యమైనా ఈ మేరకు రహస్యాన్ని అంగీకరిస్తుంది. కాని పదవుల పంపకంతో ఉద్యమాన్ని చల్లార్చే ఆలోచన, ప్రకటనల డబ్బుతో పత్రికలను దారికి తెచ్చే సూచన శాంతిభద్రతల పరిధిలోకి రావు. అవి బహిరంగమైతే దెబ్బతినేది దేశభద్రత కాదు, ప్రభుత్వ ప్రతిష్ఠ. ఒకే సీలు కింద ఈ రెండు రకాల విషయాలూ చేరడమే రహస్య వ్యవస్థలోని అసలు లోపం. న్యాయమైన గోప్యత వెనుక అన్యాయమైన గోప్యత తలదాచుకుంటుంది.

రెండవ పరిశీలన మరింత ముఖ్యమైనది. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఒక విలేకరికి ఇదే నోటు ప్రతి మార్చి 23కు ముందు చేరి, అతడు దాన్ని అచ్చు వేయించి ఉంటే 5వ సెక్షన్ అతనికి వర్తించే అవకాశం ఉండేది. అవే వాక్యాలు న్యాయమూర్తి ఆదేశంలో కనిపించగానే అవి న్యాయస్థాన రికార్డు అయ్యాయి. బహిరంగ న్యాయస్థానంలో వెలువడిన ఆదేశాన్ని వార్తగా రాయడం నేరం కాదు. పాఠం మారలేదు, పాఠకులు మారలేదు, వెల్లడించిన వ్యక్తి స్థానం మాత్రమే మారింది. చట్టం విషయానికి కాక స్థానానికి విలువ ఇస్తున్నదనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు.

మూడవది, పత్రికలపై ప్రభుత్వానికి ఉన్న పట్టు అభియోగ పత్రం రూపంలోనే ఉండనక్కర లేదన్న విషయం. నోటు స్వయంగా సూచించిన మార్గం కోర్టు కేసు కాదు, ప్రకటనల బిల్లు. కేసు పెడితే అది బహిరంగమవుతుంది, పత్రికకు సానుభూతి లభిస్తుంది. ప్రకటన ఆపితే ఎవరికీ తెలియదు. ప్రచురణకర్తలపై అధికార రహస్యాల చట్టం కింద కేసులు కొన్నే కనిపించడాన్ని పత్రికా స్వేచ్ఛకు కొలమానంగా భావించడం ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. 2011 జూన్‌లో నమస్తే తెలంగాణ దినపత్రిక వెలువడటాన్ని యాజమాన్యం, ప్రకటనల గురించిన ఈ చర్చ నేపథ్యంలో కూడా చూడవలసి ఉంటుంది.

6. న్యాయస్థానాల దృక్పథం:
రాజ్‌నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే, ప్రభుత్వాధికారులు ప్రజల పక్షాన చేసే ప్రతి పనిని తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉన్నదని గుర్తించింది. 2005 సమాచార హక్కు చట్టంలోని 8(2) సెక్షన్, ప్రజా ప్రయోజనం హాని కంటే ఎక్కువైనప్పుడు అధికార రహస్యాల చట్టం అడ్డు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చని చెబుతుంది. 2006లో రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం తన తొలి నివేదికలో 1923 చట్టాన్ని రద్దు చేయాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు.

2019లో రఫేల్ విమానాల కొనుగోలు పత్రాలను ది హిందూ ప్రచురించినప్పుడు, అవి దొంగిలించినవని, అధికార రహస్యాల చట్టం వర్తిస్తుందని కేంద్రం సుప్రీంకోర్టులో వాదించింది. ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తిరస్కరించింది. ఇటువంటి పత్రాల ప్రచురణను ఆపే అధికారాన్ని ఆ చట్టం ప్రభుత్వానికి ఇవ్వలేదని పేర్కొంటూ 1971 నాటి అమెరికా తీర్పును ప్రస్తావించింది. అయితే ప్రచురణను ఆపలేకపోవడం వేరు, ప్రచురించిన తరువాత ఫిర్యాదు చేయకపోవడం వేరు. రెండవది ఈనాటికీ ప్రభుత్వ విచక్షణలోనే ఉంది.

7. ఉపసంహారం:
2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడటంతో ఎనిమిదో అధ్యాయం రాజకీయ ప్రాధాన్యం తగ్గింది. దాని చారిత్రక ప్రాధాన్యం మాత్రం తగ్గలేదు. రాష్ట్ర భవిష్యత్తుపై ప్రజలందరినీ సంప్రదించామని చెప్పిన నివేదికలోనే, ఆ ప్రజల గురించి ప్రజలకు చెప్పకూడని అధ్యాయం ఒకటి ఉండటం ప్రజాస్వామ్య ప్రక్రియకే విరుద్ధం. తమ జిల్లాల పేర్లు ఏ జాబితాలో, ఏ ఉద్దేశంతో ఉన్నాయో తెలుసుకోవడానికి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రజలు ఒక వ్యక్తి వేసిన పిటిషన్ మీద, ఒక న్యాయమూర్తి విచక్షణ మీద ఆధారపడవలసి వచ్చింది. హక్కు అనేది ఇటువంటి యాదృచ్ఛికతపై నిలవరాదు. ‘రహస్యం’ అన్న పదానికి నిర్వచనం, ప్రజా ప్రయోజనం కోసం ప్రచురించినవారికి రక్షణ, ఫిర్యాదుకు ముందు స్వతంత్ర సమీక్ష అనే మూడు అంశాలు చట్టంలో చేరేవరకు, తెలిసిన నిజాన్ని అచ్చువేయాలా వద్దా అన్న ప్రశ్న జిల్లా విలేకరి ముందు నిలిచే ఉంటుంది.