జీర్ణాక్షర రూపముల ఎన్నిక: కల్లూరు పేరు నిదర్శనముగా

అక్షరము అరిగిపోవుట లిపిచరిత్రకు కొత్త కాదు. ఆ అరుగుదలను కోరి తెచ్చుకొనుటయే కొత్త. గోడపత్రములపైనను, వెబ్ పుటల శీర్షికలందును మరక పడినట్లు, అంచులు చిట్లినట్లు కనబడు అక్షరరూపములను నేడు ‘గ్రంజ్’ ఫాంట్లని వ్యవహరించుచున్నారు. ఆంగ్లమున ఇట్టివి అనేకము ఉచితముగా లభించుచున్నవి. తెలుగునకు ఇట్టి రూపమును కూర్చుకొనువారు ముఖ్యముగా గమనింపవలసిన దేదియో, కర్నూలు కడప జిల్లాల శిలాక్షరములను దృష్టియందుంచుకొని ఇచట పరిశీలింపదలచితిమి.

గ్రంజ్ అను మాట అమెరికాలోని సియాటిల్ నగరపు సంగీతధోరణి నుండి వచ్చినది. కంప్యూటరు ఇచ్చెడి నున్నని, మచ్చలేని అక్షరముపై విసుగు పుట్టినవారు ఆ పేరును, ఆ స్వభావమును అక్షరమునకును తెచ్చిరి. 1991లో ఎరిక్ వాన్ బ్లాక్లాండ్ పాత టైపురైటరు ముద్రల ననుసరించి ‘ట్రిక్సీ’ని రూపొందించెను. 1992లో వెలువడిన ‘రే గన్’ సంగీత పత్రికకు పుటలు కూర్చిన డేవిడ్ కార్సన్ పంక్తులను చెదరగొట్టి, ఒకదానిపై నొకటి పేర్చి ప్రసిద్ధుడయ్యెను. 1994లో ఆయన ఒక గాయకునితో జరిగిన సంభాషణను అక్షరములే లేని చిహ్నముల ఫాంటుతో కూర్పించెను. దానిని సాహసమనవచ్చును గాని ముద్రణమనుటకు మాకు మనసొప్పదు.

పంక్తుల చెదరుపాటు మన సీమకు ఎఱుగరానిది కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి వద్ద 1929లో బయల్పడిన అశోకుని శాసనములయందు, లఘుశిలాశాసనపు పంక్తులు కొన్ని ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుచున్నవి. అట్లయ్యును పండితులు దానిని చదువగలిగిరి. త్రోవ తప్పినది పంక్తియే గాని అక్షరము కాదు. కడప జిల్లా కలమళ్ళలోని ధనంజయుని శాసనము గతి వేఱు. క్రీ.శ. 575 ప్రాంతపుదని చెప్పబడు ఈ రేనాటి చోళ శాసనము తెలుగు శాసనములలో మొదటిదిగా పరిగణింపబడుచున్నది. ఇందు కొన్ని పంక్తులు చెడిపోయినవి. చెడిన మేర అర్థమును చెడినది. శాసన పరిష్కర్త తడికాగితమును రాతిపై అద్ది, సిరా పట్టించి, అచ్చు తీసి, సందేహమున్న అక్షరమును కుండలీకరణములలో నుంచును. నడచుచు గోడపత్రమును చూచు బాటసారికి ఆ వసతి లేదు.

నేడు కర్నూలు నగరములో భాగమైయున్న కల్లూరు పేరునే తీసికొందము. రోమను పెద్ద అక్షరములలో ఈ పేరు ఒకే వరుసలో నిలుచును; ఏ కాలు విఱిగినను ఆ అక్షరము చాలవరకు పోల్చదగియే యుండును. తెలుగున లకారము క్రింద లవత్తు, ప్రక్కన దీర్ఘము ఉన్నవి. వత్తు రాలినచో ‘కలూరు’. దీర్ఘపు కొస అరిగినచో ‘కల్లురు’. ఊరెఱిగినవాడు ఈ తప్పులను సవరించుకొనును. రెండు పాఠములును అర్థవంతములైనచో చిక్కు హెచ్చు. ‘ధార’లోని వత్తు అరిగినచో ‘దార’ యగును. ప్రవాహము భార్యగా మాఱును! పకారమును వకారమునుండి వేఱుచేయు చిన్న ఎడము మరకచే పూడినచో ‘పండు’ ‘వండు’ అగును. ఇట్లు అరుగుదల ఒక విధముగాను, సిరా మరక మఱొక విధముగాను చెఱచును. కావున జీర్ణత్వము అక్షరపు బొద్దు భాగమున నుండవలెను. వత్తు, దీర్ఘము, లోని చుక్క, ఎడము చెక్కుచెదరరాదు.

ఈ కారణమున ముందే చీలికలు చెక్కిన ఫాంటును వెదకుటకంటె, బలిసిన గీతలు గల మంచి తెలుగు ఫాంటు నెన్నుకొని, శీర్షిక కూర్చిన పిదప గరుకుదనమును పైపూతగా వేయుట మేలని మా అభిప్రాయము. సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా నందించిన పురుషోత్ కుమార్ గుత్తుల ‘రామభద్ర’ శీర్షికలకు ఉద్దేశింపబడినదే. అష్టదిగ్గజములలో నొకడుగా చెప్పబడు అయ్యలరాజు రామభద్రుని పేరు దీనికి పెట్టిరి. ఇది ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద నున్నది. ఆ లైసెన్సు ప్రకారము వ్యాపారపు పనికిని వాడవచ్చును, మార్చవచ్చును, వెబ్ పుటలో పొదుగవచ్చును. ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు. ‘ఉచితము’ అని వ్రాసియున్న ఫాంట్లన్నియు ఇట్టివి కావు. పెక్కింటికి సొంత వాడుకవరకే అనుమతి. దుకాణపు ప్రకటనకు వాడుటకు ముందు దానితో వచ్చిన లైసెన్సు పత్రమును చదువుట విధి.

పైపూతకు మఱొక ప్రయోజనము గలదు. ‘రారాజు’ అని కూర్చినచో, చీలిక ఫాంటులోనే యున్నయెడల రెండు రకారములందును అదే చీలిక అదే చోట కనబడి కృత్రిమత్వము బయటపడును. రాతిపై రెండు రకారములు ఒకే తీరున అరుగవు. ఒక్కొక్క అక్షరమునకు పలు రూపములుంచి వంతులవారీగా వచ్చునట్లు చేయవచ్చును గాని, గుణింతములతోను వత్తులతోను వందలకొలది రూపములు కావలసిన తెలుగునకు ఆ శ్రమ చాల పెద్దది. అంతేకాక చిట్లిన అంచులలోని ప్రతి మలుపును ఫాంటులో గుఱుతింపవలసియుండుటచే దాని పరిమాణము పెరిగి, వెబ్ పుట తెరచుకొనుటయు ఆలస్యమగును.

పూత వేసిన శీర్షికను చేతిఫోను తెరకు తగినంత కుదించి, కల్లూరు నెఱుగనివానిచే చదివింపవలెను. ఎఱిగినవాడు లేని దీర్ఘమును తానే చేర్చుకొని చదువును.